రీళ్ళ తుపాకీ, మూడు ప్రతులు

ఫరీజ్ అబ్దుల్ అజీజ్, దోహా
1996 సెప్టెంబరు 20

ఆనందరావు మామయ్యకు, ఎండకు మాడిన మేనకోడలు తన్మయి నమస్కరించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. బీయస్సీ పట్టా బీరువాలో పెట్టి అమ్మకు ఉల్లిపాయలు తరిగి పెడుతున్నాను. నా గురించి అంతకుమించి విశేషాలు లేవు. ఈ ఉత్తరం చెల్లి ధాత్రి కోసం. దానికి ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఇంతవరకు దీపావళి అంటే దానికి తెలిసింది బాల్కనీలో రెండు దీపాలు, ‘మెల్లగా, పక్కవాళ్ళు చూస్తారు’ అనే నాన్న గొంతు. ఈసారి రీళ్ళ తుపాకీ కావాలంటోంది.

‘ఆడపిల్లకు తుపాకీ ఏమిటే?’ అంది అమ్మ.

‘మరి నాకు కోపమొస్తే మగపిల్లాడెవడైనా వచ్చి పేలుస్తాడా?’ అంది ధాత్రి.

నేను ధాత్రి పక్షం.

నాన్న కంపెనీలో పనిచేసే నర్సింలు సెలవు మీద కామారెడ్డి వచ్చాడు. వచ్చే నెల మొదట్లో హైదరాబాదు మీదుగా తిరిగొస్తాడు. బేగంబజారులో ఒక రేకు తుపాకీ, పది పెట్టెల రీళ్ళు కొని, తువ్వాలులో చుట్టి అతని చేతికివ్వండి. అంతే.

తన్మయి

తా.క. మీరు ఆయుధాల లైసెన్సుల సెక్షన్లో ముప్ఫై రెండేళ్ళు పనిచేశారని నాకు గుర్తుంది. దయచేసి మీరు మరిచిపోండి.


విద్యానగర్, హైదరాబాదు
అక్టోబరు 6

చిరంజీవి తన్మయిని ముందు ఆశీర్వదించి, తర్వాత తప్పులు దిద్ది రాసేది.

నీ ఉత్తరంలో ‘తుపాకీ’ అనే మాట మూడుసార్లు వాడావు. మూడూ తప్పే. గొట్టంలో గుండు పెట్టి, మందు పేల్చి, రెండోవైపు నుంచి బయటికి పంపగలిగితే అది ఫైరార్మ్. ఊరికే చూడ్డానికి అలా ఉంటే ఇమిటేషన్ ఫైరార్మ్. ‘బొమ్మ’ అనేది నా సెక్షన్లో ఎవరూ చూడని జంతువు. ఆ మాట రాసిన దరఖాస్తులు నా సర్వీసులో నూట ఎనిమిది వెనక్కి పంపాను.

నర్సింలు వచ్చాడు. చాలా మర్యాదస్తుడు, ఎంత చెప్పినా కుర్చీలో అంచునే కూర్చున్నాడు. దారిలో ఎవరూ అపార్థం చేసుకోకుండా ఇంగ్లీషులో జాబితా టైపు చేయించి, మూడు ప్రతులు అతని చేతికిచ్చాను. ‘ఇమిటేషన్ ఫైరార్మ్, ఒకటి. పెర్కషన్ అమ్యూనిషన్, పది పెట్టెలు.’ కింద నా సంతకం, పేరూ చిరునామా ఉన్న రబ్బరు ముద్ర. అడిగినా అడక్కపోయినా ముందు ఇదే చూపించమని చెప్పాను.

ఇట్లు, ఎప్పుడూ సక్రమంగా ఉండే నీ మామయ్య

తా.క. తువ్వాలు కూడా జాబితాలో చేర్చాను. ‘కాటన్, వాడినది.’


దోహా
అక్టోబరు 18

మామయ్యకు, పళ్ళు కొరుకుతూ నమస్కారాలు.

మీ జాబితా క్షేమంగా చేరింది. నర్సింలే చేరలేదు, చేరీ చేరనట్టున్నాడు.

విమానాశ్రయంలో తనిఖీ చేసే ఆయన నర్సింలు సంచీ మీద సుద్దగీత గీసి ‘యల్లా’ అని పంపించేశాడట. పోతున్న నర్సింలు వెనక్కి తిరిగొచ్చి మరీ కాగితం చూపించాడు.

‘సార్ చెప్పిండు గదమ్మా, అడగకున్నా చూపియ్యమని! చూపిచ్చిన. గంతే, ముగ్గురు ఉరికొచ్చిండ్రు.’

నర్సింలును వదిలారు గానీ పనిలోకి వెళ్ళనివ్వడం లేదు, సామాను వాళ్ళ దగ్గరే ఉంది. ఆయుధం, మందుగుండు అని రాసుకున్నారు. నవంబరు రెండో తేదీలోగా అసలు యజమాని వచ్చి సంజాయిషీ చెప్పకపోతే నర్సింలును ఇంటికి పంపించేస్తారు. అతని కూతురు శోభ నర్సింగు చదువు ఈ డ్యూటీ మీదే నడుస్తోంది.

‘ఎవరిదని అడిగితే ఏమన్నావు?’ అన్నాను.

‘నాదే అన్న, ఆళ్ళు నమ్మలె. చిన్నపాప పేరు పోలీసు కాయితంల ఎట్ల రాపియ్యాలె?’

నాన్నకు చెప్పాను. ‘వాడు తనదేనన్నాడుగా, మనం కలగజేసుకుంటే నా ఉద్యోగానికీ ముప్పు’ అన్నాడు. నేను కాలేజీలో ఉన్నప్పుడు నన్ను ధైర్యంగా మాట్లాడమని వక్తృత్వ పోటీలకు తీసుకెళ్ళింది ఈ నాన్నే. రెండు రోజులుగా ఆయన కూర్చున్న బల్ల దగ్గర నేను తినడం లేదు. రెండో తేదీన నేనే వెళ్ళి అది నాదని చెబుతాను. నాన్నను అనుమతి అడగలేదు, తెలియజేశాను.

తన్మయి

తా.క. ఇకమీదట ఏమీ పంపకండి. ఆశీస్సులు కూడా విడిగా, జాబితా లేకుండా పంపండి.


హైదరాబాదు
అక్టోబరు 28, ఫ్యాక్సు ద్వారా

ఆవేశపరురాలైన తన్మయికి, నిదానస్తుడైన మామయ్య రాసేది.

నేను రాసినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధముందా? లేదు. చదివి భయపడినవాళ్ళది తప్పు. నువ్వు అక్కడికి వెళ్ళి ఎట్టి పరిస్థితిలోనూ ‘బొమ్మ’ అనవద్దు. అంటే నా జాబితా అబద్ధమైపోతుంది, నా ముప్ఫై రెండేళ్ళూ అబద్ధమైపోతాయి. నిర్వచనాలు నాలుగు పేజీలు, గొట్టం పటం ఒకటి జతచేశాను. వాళ్ళకు చదివి వినిపించు.

ఆనందరావు

తా.క. తన్మయీ, ఈయన ఫ్యాక్సు వాడితో గొడవ పడుతుంటే సందు చూసి రాస్తున్నాను. బొమ్మ అని చెప్పి ముందు ఆ మనిషిని విడిపించుకురా. ఈయన సంగతి నేను చూసుకుంటాను. – లలితకుమారి అత్తయ్య


దోహా
నవంబరు 3

మామయ్యకు, అత్తయ్యకు, గెలిచి వచ్చిన తన్మయి నమస్కారాలు.

అధికారి పేరు ఖాసీం. మా మాటలు అరబ్బీలోకి మార్చి అతనికి చెప్పే గుమస్తా రఫీయుద్దీన్ మన పాతబస్తీవాడే. నన్ను చూడగానే, ‘బేటీ, మీ నాయనను పంపియ్యి. ఇది ఆడపిల్లలొచ్చే జాగా కాదు’ అన్నాడు.

‘తుపాకీ నాన్నది కాదు, నాది’ అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పక్కన నర్సింలు నిలబడి, ‘అమ్మా, నువ్వు పో, నేను చూస్కుంట’ అని గొణుగుతూనే ఉన్నాడు.

నాలుగు పేజీలూ చదవలేదు మామయ్యా. మొదటి వాక్యమే చదివాను: గుండు బయటికి వెళ్ళాలి. నా పెన్నులోంచి రీఫిల్ తీసి గొట్టంలో గుచ్చాను. అర అంగుళం కూడా దిగలేదు. గొట్టానికి కన్నమే లేదు! ఖాసీం తనూ గుచ్చి చూశాడు. మీసాల కింద నవ్వాడు.

‘మరి మందుగుండు?’ అన్నాడు. ఎర్ర రీలు ఎక్కించి చేతికిచ్చాను. టప్! ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ టప్. పక్క గది నుంచి ఇద్దరొచ్చారు, వాళ్ళూ పరీక్షించాలన్నారు. రఫీయుద్దీన్ రెండు రీళ్ళు పరీక్షించాడు. పది పెట్టెలూ అయిపోయేదాకా ఆ ఆఫీసులో ప్రభుత్వ పరీక్ష జరిగింది. చివరి రీలు నర్సింలుది. కళ్ళు మూసుకుని పేల్చాడు.

తుపాకీ తిరిగిచ్చి రసీదులో రాశారు: ‘బొమ్మ, ఒకటి. మందుగుండు, పరీక్షలో ఖర్చయినది.’ నర్సింలు ఈ పొద్దున అల్ ఘర్రాఫాలో విల్లాల పనికి డ్యూటీ ఎక్కాడు. నిన్న నేను ఆ ఆఫీసు నుంచి బయటికొచ్చేసరికి నాన్న కారులో కూర్చుని ఉన్నాడు. రాత్రి ఒకే బల్ల మీద తిన్నాం.

ధాత్రి ఈ దీపావళికి నోటితో టప్ అనుకుంటుందట. గట్టిగా. పక్కవాళ్ళు చూసినా సరే.

తన్మయి

తా.క. మీ ముద్ర చూసి మీ చిరునామా రాసుకున్నారు. ముందు ఆయుధమని రాసుకున్నారు గనక, పంపినవారి వివరాల కోసం మీ పాత సెక్షనుకే ఒక కాగితం వెళ్తుందట. ఊరికే, మర్యాదకు.


విద్యానగర్, హైదరాబాదు
నవంబరు 27

తన్మయికి, మెడదాకా కూరుకుపోయిన మామయ్య రాసేది.

మర్యాదకు పంపిన ఆ కాగితం వచ్చింది. నా కింద గుమస్తాగా చేరి, నా దగ్గరే పని నేర్చుకున్న భానుమతి ఇప్పుడు ఆ సెక్షను సూపరింటెండెంటు. లైసెన్సు లేకుండా విదేశానికి మందుగుండు ఎందుకు పంపారో చెప్పమని నాకు మెమో ఇచ్చింది. జవాబు రాయాల్సిన ఫారం నేను తయారుచేసిందే. ఏడో గడి: ‘వస్తువు వివరణ’. పెన్ను పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. మీ అత్తయ్య కాఫీ పెట్టి ఎదురుగా కూర్చుంది.

చివరికి రాశాను తల్లీ. ‘బొమ్మ.’

మర్నాడే తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో: ‘మీరు విధించిన నిబంధన ప్రకారం ఈ మాట చెల్లదు. సరైన పదంతో మూడు ప్రతులు సమర్పించండి.’

నూట తొమ్మిదోది నాదే.

ఫోను చేసి బతిమాలాను. ‘మీరు నేర్పిందే కదండీ సార్’ అంది. ఇంక రాతలు లేవు. నిన్న బేగంబజారు వెళ్ళి అలాంటిదే ఇంకొకటి, రెండు పెట్టెల రీళ్ళు కొన్నాను. రేపు పదింటికి నేరుగా ఆవిడ బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటాను, నీలాగే. ఏమంటుందో చూస్తాను.

నీ మామయ్య

తా.క. జాబితా రాయలేదు. తువ్వాలులో చుట్టుకుని వెళ్తున్నాను.