పొట్లం తర్వాత నాలుగు గుక్కలు

పిచ్చుక వాళ్ళమ్మకి,

ఇక్కడ నేనూ పిల్లా బాగున్నాం. ఈసారి ఇది మర్యాదకి రాసే మాట కాదు, నిజంగానే బాగున్నాం! మీ అమ్మ ఆపరేషనయిన కాలు ఆనించి నడుస్తోందని రాశావు, చాలా సంతోషం. నా పని గురించి అడిగావు. మేస్త్రీ ఈ ఆసుపత్రి గోడలకే రంగులేసే పని ఇప్పించాడు, పిల్ల మధ్యాహ్నం పడుకున్నప్పుడు వేస్తున్నాను.

"రక్తం పట్టిందా?" అని కదా నీ బెంగ. పట్టింది! పొద్దున నర్సమ్మ పిల్ల రక్తపరీక్ష కాగితం ఊపుకుంటూ వచ్చి "తొమ్మిదిన్నర!" అని కేకేసింది. మూడు వారాల క్రితం ఏడున్నరే. ఆనందం పట్టలేక పక్క మంచం దగ్గరున్న ముసలాయన్ని వాటేసుకున్నాను. ఆయన హడలిపోయాడు పాపం.

ఇక అసలు సంగతి. ఎదురుగా ఉంటే చెప్పలేను కనుక రాస్తున్నాను. మొదటి నెల పిల్ల బరువు పెరిగింది గానీ రక్తం అంగుళం కదల్లేదు. "బలానికి మేమిచ్చే ఆ వేరుశనగ పేస్టు పొట్లాలు కాకుండా ఇంకేమైనా పెడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగితే "లేదండీ" అన్నాను. అబద్ధం. పేస్టు అంగిట్లో అతుక్కుంటోందని, పొట్లం అయిన ప్రతిసారీ నా గ్లాసులోంచి నాలుగు గుక్కల టీ పట్టించేవాణ్ణి. నువ్వు వద్దని మరీ మరీ చెప్పి వెళ్ళావు కూడా.

అలాగైతే ఎముకలో సూది గుచ్చి పరీక్ష చేయిద్దామంది డాక్టరమ్మ. పరుగున నర్సమ్మ దగ్గరికెళ్ళి చెప్పేశాను.

"టీనా? పేస్టు మీదా?" ఆవిడ నుదురు కొట్టుకుంది. "పేస్టులో ఇనుమంతా ఆ టీయే పట్టేసుకుంటే పిల్ల ఒంటికేం మిగుల్తుందయ్యా? మంచినీళ్ళు పట్టు!"

ఆ వెంటనే ప్రతి మంచం దగ్గరా ఆగి అడిగింది. ఇంకో ముగ్గురు తల్లులు తలలు దించుకున్నారు! సూది పరీక్ష ఆగిపోయింది. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ సంగతి చెప్పే పని నాదే. వార్డంతా నన్ను 'టీ మాష్టారూ' అని పిలుస్తోంది. నువ్వు ఎంత తిట్టినా పడతాను.

నిన్న పిచ్చుక మంచం దిగి, తలుపు దాకా తనే నడిచింది. పడిపోతుందేమోనని పట్టుకోబోతే నా చెయ్యి విసిరికొట్టింది. ఎంత గట్టిగా కొట్టిందనుకున్నావ్!

ఇట్లు,
ఆ దెబ్బకి మురిసిపోతున్న
నీ ఆయన