ప్రాక్టీసుకు రానివాళ్లు

మిరుదొడ్డి

వర్షితా, నీకు అమ్మ దీవెనలు. మేము ఉన్నాం. నాగపూర్‌లో నువ్వూ అల్లుడూ బాగుండాలి.

మూడు రోజుల ముసురు ఇవ్వాళ విడిచింది. పత్తి తడిసి ఉందని చేనుకు పోలేదు. లోపల కుప్ప పోసిన మక్కజొన్నలు వాకిట్లో ఆరబోసి, వాటి దగ్గరే కూర్చుని రాస్తున్నాను. ఇది ఫోన్లో చెప్పలేను. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా మీ బాపు పక్కనే ఉంటాడు.

మీ బడి పిల్లలకు చెప్పడానికి బాపు ఫుట్‌బాల్ సంగతి రాయమన్నావు. జిల్లా జట్టులో డిఫెన్సులో, బ్యాక్‌గా ఆడాడు. తర్వాత హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ జట్టు తీసుకుంది. మోకాలు చెడిపోయాక గేటు కాపలా పని ఇస్తామంటే వద్దని వచ్చేశాడు. నువ్వు పుట్టిన ఏడు ఇక్కడ క్లబ్ పెట్టాడు. అప్పటినుంచి మేనేజరు, కోచ్, గ్రౌండులో సున్నం గీతలు గీసేవాడు, అన్నీ తనే. చెప్పకుండా రెండుసార్లు ప్రాక్టీసు మానినవాణ్ని జట్టులోంచి తీసేస్తాడని కూడా చెప్పు. సర్పంచ్ కొడుకును తీసేశాడు. మీ తమ్ముడు సాయికిరణ్‌నూ తీసేశాడు.

బాపు పానం ఎట్లుందని అడిగావు. కొంచెం నీరసం అని చెబుతూ వచ్చాను. అది నిజం కాదు. ఉగాది ముందునుంచి రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు సిద్దిపేట దవాఖానలో డయాలసిస్ చేయించుకోవాలి. నువ్వు ఉద్యోగం వదిలి వస్తావని నన్ను చెప్పనివ్వలేదు.

దసరా తర్వాత టోర్నమెంటు దగ్గరపడింది. దవాఖానకు పోవలసిన పొద్దుల్లోనే బంతుల సంచి భుజాన వేసుకుని గ్రౌండుకు పోవడం మొదలుపెట్టాడు. కాళ్లు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడేది కాదు. నేను పోట్లాడితే ఒక్కటే అన్నాడు: "పోరగాళ్లు వచ్చి నిలబడతరు స్వరాజ్యం. నేనెట్ల పోకుంట ఉంటా?"

అందుకే కెప్టెన్ ప్రవీణ్ ఇంటికి పోయాను. జట్టులో ఎవరినీ ప్రాక్టీసుకు రావద్దని చెప్పమన్నాను.

"సార్ మమ్ముల తీసేస్తడమ్మా."

"తీసెయ్యనీ బిడ్డా. మనిషి ఉంటడు."

"ఎందుకు వస్తలేమో సార్‌కు చెప్పొద్దా?"

"చెప్తే మళ్ల గ్రౌండుకే పోతడు."

ఎవరూ రాలేదు. మొదటిసారి బాపు ఎండ ఎక్కేదాకా నిలబడి, బంతులు మోసుకుని తిరిగి వచ్చాడు. రెండోసారీ అంతే. ఆ మాపటికి జట్టు మొత్తాన్ని తీసేశానని చెప్పాడు. అందరినా అని అడిగాను.

"మన పిలగాన్ని తీసేసిన నాడు అడగలేదు గద. గిప్పుడెందుకు అడుగుతున్నవ్?"

అన్నం పెడితే తిన్నాడు.

పిల్లలెవరూ నోరు విప్పలేదు. జెర్సీలు ఉతికి, మడిచి, మన అరుగు మీద పెట్టిపోయారు. బాపు వాటిని ముట్టుకోలేదు. నేనే లోపల పెట్టాను. టోర్నమెంటుకు మన ఊరి జట్టు లేదు. క్లబ్ గదికి తాళం ఉంది.

ఇప్పుడు దవాఖానకు పోవడం మానడం లేదు. కాళ్ల వాపు తగ్గింది. నాతో చేను సంగతులు మాట్లాడతాడు, ఆట మాట ఎత్తడు. వాళ్లు నా మాట మీద ఆగారని ఆయనకు తెలియదు. నువ్వూ చెప్పకు.

ప్రవీణ్ ఆదివారం పొద్దున పని వెతుక్కోవడానికి హైదరాబాద్ పోయాడు. మీ బాపు ఇవ్వాళ ఏడింటి బస్సుకు సిద్దిపేట పోయాడు.

ఇట్లు,
మీ అమ్మ