నాన్న గీసిన ఊరు

కోమ్ ఒంబో,
నవంబరు 1996

ప్రియమైన షాజలీ అన్నయ్యకు,

చెల్లెలు నబ్రా సలాములు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం లేచి తిరుగుతూ, ఇంత తింటూ బాగానే ఉన్నాం. కువైట్‌లో నీ ఒంట్లో కూడా బాగుందని, ఎండ కాస్త తగ్గిందని తలుస్తాను.

నీ ఉత్తరం అంది ఇరవై రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకోకు. అడిగినవాటికి ముందు చెప్తాను. సకీనా అత్త మోకాళ్లు అలాగే ఉన్నాయి. మతిమరుపు మాత్రం ముదిరింది, పొద్దున నన్ను నబ్రా అంటుంది, మధ్యాహ్నానికి అమ్మ పేరు పెట్టి పిలుస్తుంది. మన గోడ పడలేదు, కాస్త పగిలిందంతే. నువ్వు పంపిన దుప్పటి అత్త కప్పుకుంటోంది.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతి. "కైరోలో సభ ఎలా జరిగింది? నాన్న గీసిన ఊరి పటం మధ్యలోనే పెట్టారా?" అని రాశావు. మధ్యలోనే పెట్టారు అన్నయ్యా. అస్వాన్ ఆనకట్ట నీళ్లు వస్తాయని మనవాళ్లు ఊరు ఖాళీ చేసి ముప్పై రెండేళ్లు దాటినా, వచ్చినవాళ్లకు హాలు పట్టలేదు. ఆరు బోర్డుల్లో ఐదు ఫొటోలవి, ఆరోది నాన్న బట్ట మీద సిరాతో గీసిన ఊరు. నలభై ఏడు ఇళ్లు, ప్రతి ఇంటి మీదా ఆ ఇంటివాళ్ల పేరు. ఆడవాళ్లు వేళ్లతో తమ ఇళ్లు వెతుక్కున్నారు. నాన్న పోయిన ఏడాదికి ఆయన్ని ఇంతమంది తలుచుకున్నారని నాకు గుండె నిండిపోయింది.

ఆ పటాన్నే తిరుగు రైల్లో పోగొట్టాను.

బోర్డులన్నీ ఒకే చెక్కపెట్టెలో ఉన్నాయి. అది పైన పట్టలేదు. "దారికి అడ్డం, తలుపు దగ్గర పెట్టుకోమ్మా" అన్నాడు కండక్టరు. కోమ్ ఒంబోలో రైలు రెండు నిమిషాలే ఆగింది. నాతో వచ్చిన అత్తను ఎత్తినంత పనిచేసి దించి, సంచులు దించి, వెనక్కి తిరిగేసరికి రైలు కదిలిపోయింది. అరుస్తూ ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తాను. అత్త బెంచీ మీద కూర్చుని అందరూ వినేలా అంది: "ఊరిని నీళ్లు ముంచాయి. మిగిలిన దాన్ని ఈ మహాతల్లి రైలెక్కించి సాగనంపింది!"

మర్నాడే ఆ రైలు చివరగా ఆగే అస్వాన్ వెళ్లాను. స్టేషన్లో, దొరికిన వస్తువులు దాచే గదిలో పెట్టె లేదు. పన్నెండు రోజుల్లో ఐదుసార్లు తిరిగాను. మన ఊరి సంఘం వాళ్లు ముఖం మీద ఏమీ అనలేదు గానీ, నేను వెళ్తే మాటలు ఆపేసేవారు. చివరికి రైలు పెట్టెలు ఊడ్చే ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు.

"ఏడవకు తల్లీ. పెద్ద పెట్టె కదా? ఎవరిదో తెలియక గేటు బయట పెట్టాం. తోపుడుబండి వాళ్లు పట్టుకుపోయారు. చేపల బజారు చూడు, చెక్క ముక్క కనిపిస్తే వాళ్లు వదలరు."

దొరికింది. ఐదు బోర్డులు ఒక దుకాణం వెనక గోడకు ఆనించి ఉన్నాయి. అద్దాల కింద ఫొటోలు చెక్కుచెదరలేదు. ఆరోదాని మీద చేపలున్నాయి. మన ఊరిని ముంచిన ఆ సరస్సు చేపలే, ఐసు నీళ్లు కారుతూ.

దుకాణం పెట్టిన అబ్బూద్ నా ముఖం చూసి హడలిపోయాడు. "అక్కా, ఒట్టు, నాకు చదువు రాదు. ఏవో గళ్లు గీశారనుకున్నా. బల్ల బాగుందని చేపలు పోశా."

"గళ్లు కాదు. ఇళ్లు," అన్నాను.

గబగబా చేపలు పక్కకు నెట్టి, తన తలపాగా విప్పి తుడిచాడు. తుడిచిన కొద్దీ మిగిలిన సిరా కూడా పోయింది. "ఆపు నాయనా, చాలు," అని అతని చెయ్యి పట్టుకుని ఏడ్చాను. అతనూ ఏడ్చాడు. అతని మీద నాకు కోపం లేదు.

సిరా పోయిన సంగతి తప్ప, ఇంతవరకు ఊళ్లో అందరికీ తెలుసు. బోర్డులు దొరికాయని పండగ చేసుకున్నారు. ఇకపైది నీకు ఒక్కడికే రాస్తున్నాను, చదివి చింపెయ్యి.

పటంలో గీతలు లీలగా మిగిలాయి. పేర్లు సగానికి పైగా పోయాయి. పటానికి ఫొటో తీయించమని నాన్న ఎన్నోసార్లు అడిగారు, రేపు రేపని వాయిదా వేసింది నేనే. ఆయన అడిగి రాసుకున్న పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. "తడి తగిలింది, కాస్త సరిచేసి తెస్తా" అని సంఘం వాళ్లకు చెప్పి, తలుపేసుకుని కూర్చున్నాను. గుర్తున్నవి రాశాను. అత్త కొన్ని చెప్పింది, సాయంత్రానికి వాటినే మార్చి చెప్పింది. పదకొండు ఇళ్లు మిగిలాయి. ఖాళీగా వదిలితే అడుగుతారు. నాన్న చేతిరాతలో, నా నోటికొచ్చిన పేర్లు రాశాను అన్నయ్యా. నేను ఆ ఊళ్లో పుట్టను కూడా లేదు.

పోయిన శుక్రవారం సంఘం గదిలో మళ్లీ గోడకు పెట్టాం. లక్సర్ నుంచి మన పాత ఊరి సాలిహ్ దావూద్ తాత వచ్చాడు. ఎనభై దాటాయి, చూపు మందం. "నీటిచక్రం దగ్గర్నుంచి చదువు బిడ్డా," అన్నాడు. చదివాను. మూడో ఇల్లు "జైనబ్ ఉస్మాన్" అన్నాను. అది నేను పెట్టిన పేరు.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. "జైనబ్! ఎన్నాళ్లకు విన్నాను ఆ పేరు. మా అమ్మ పోయినరోజు నన్ను ఒళ్లో పెట్టుకుని ఖర్జూరాలు తినిపించింది. ఒక కాలు కాస్త ఈడ్చి నడిచేది కదూ?"

నలుగురైదుగురు ఆడవాళ్లు "అవునవును, ఈడ్చేది" అన్నారు. ఒకావిడ ఆమె నవ్వు కూడా గుర్తుందంది. తాత ఆ ఇంటి మీద చెయ్యి పెట్టి, వేళ్లను పెదాలకు ఆనించుకున్నాడు. నేను టీ తెస్తానని బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. నిజం చెబితే, తల్లి పోయిన రోజున ఆయనకు దొరికిన ఆ ఒడిని లాక్కున్నట్టే. చెప్పకపోతే, ఆయనకు నిజంగా ఖర్జూరాలు పెట్టిన ఆవిడ ఎవరో ఆవిడను నేను రెండోసారి ముంచినట్టే.

ఆ ఊరి మాట ఎత్తితే నీకు కోపం వస్తుందని నాకు తెలుసు. నాన్న అడిగినప్పుడల్లా "గుర్తులేదు" అని లేచిపోయేవాడివి. కానీ ఊరొదిలేనాటికి నీకు తొమ్మిదేళ్లు. ఆ వీధుల్లో పరిగెత్తినవాడివి. నీటిచక్రం నుంచి మూడో ఇల్లు, తలుపు పైన నీలం పళ్లెం అతికించి ఉండేదని అత్త అంటోంది. అందులో ఎవరుండేవారు? ఒక్క పేరు రాయి అన్నయ్యా. నువ్వు రాయకపోతే ఆ ఇంట్లో జైనబే ఉండిపోతుంది.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూసే చెల్లెలు
నబ్రా