మంటల్లోంచి తెచ్చిన తల్లి మొక్కల పంపకం

హంబోల్ట్ కౌంటీ కొండల్లో ప్రభుత్వ లైసెన్సుతో గంజాయి సాగు చేసుకునే నేను, మార్గిట్ సోరెన్సన్, ఎవరి ఒత్తిడీ లేకుండా, తెలివి నిలకడగా ఉండగా రాసిన వీలునామా ఇది. తెలివి నిలకడగానే ఉంది. గుండె అదురు మాత్రం ఇంకా తగ్గలేదు.

ఎందుకో ముందు చెప్పాలి. ఆగస్టులో కార్చిచ్చు కొండ దిగినప్పుడు నేను మోకాలికి ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉన్నాను. నా కూతురు టెస్ నా పక్కనే ఉంది. ఇల్లూ తోటా బూడిదయ్యాయని ఫోనులో విన్నాం. నా భర్త ఓలే బతికుండగా విత్తనం నుంచి తీసిన వంగడం మరెక్కడా లేదు. కొమ్మలు కోసి కొత్త మొక్కలు చేసుకునే దాని తల్లి మొక్కలూ పోయాయనుకున్నాను. తీరా ఇళ్లు పోయినవాళ్ల శిబిరానికి వచ్చి చూస్తే, పొరుగింటి డ్వేన్ కిట్రిడ్జ్ ట్రక్కు నిండా అవే ఉన్నాయి.

ఊటనీటి గొట్టం తగాదా అయినప్పటి నుంచి డ్వేన్‌కూ నాకూ మంచి మాట లేదు. అతను నేలలో నాటేవాడు. నేను మొక్కలు పెంచే గుడ్డ కుండీలు చూసి కంచె అవతల నుంచి, "ఏం మార్గిట్, మొక్కలకి చేతిసంచులు కుట్టించావా? రేపు చెప్పులు కూడా తొడుగుతావా?" అనేవాడు. అలాంటివాడు తన ఇంటి సామాను ఒక్కటీ ఎక్కించుకోకుండా నావి ఎక్కించాడు. ఎందుకని అడిగాను.

"నావి నేలలో ఉన్నాయి, పీకితే చస్తాయి. నీ కుండీలకి సంచుల్లా చెవులున్నాయిగా, పట్టుకుని లేపాను. ఆ పెద్ద కుండీలు రెండూ మాత్రం కదల్లేదు. ఏమీ అనుకోకు."

1. భూమీ, లైసెన్సు హక్కూ నా తదనంతరం టెస్‌కు చెందుతాయి. టెస్, కదలక కాలిపోయిన ఆ పెద్ద కుండీలు రెండూ నీ ముచ్చటే తల్లీ. "అమ్మా, మొదటే పెద్దదాంట్లో పెట్టేస్తే పోదా, ఇన్నిసార్లు మార్చడం దేనికి?" అన్నావు. చిన్న వేరు అంత మట్టిలోని నీరు తాగలేదు, తడి నిలిచి కుళ్లుతుంది. ఒక గ్యాలన్ కుండీ, అంటే దాదాపు నాలుగు లీటర్లది, అందులోంచి అయిదు గ్యాలన్లదానికి, అయిదు నుంచి పదిహేనుకు మార్చు. తల్లి మొక్కలను అక్కడే ఆపు. పొద్దున పోసిన నీరు సాయంత్రానికే ఆరిపోతూ, గుడ్డలోంచి తెల్లటి వేరు కొసలు కనబడితే అది మార్చే సమయం. గుడ్డ అంచుకు వచ్చిన వేరు గాలి తగిలి అక్కడ ఆగి, లోపల కొత్త పిల్లవేర్లు వేస్తుంది. ప్లాస్టిక్ కుండీలోలా చుట్టలు చుట్టుకోదు. కానీ గుడ్డను పట్టుకుని ఉంటుంది, లాగకు. నిద్రపోయిన బిడ్డ కాలి మేజోడు విప్పినట్టు అంచు కిందికి మడుస్తూ తియ్యి. నాటాక నీరు పోసి, నాలుగు రోజులు నీడలో ఉంచు.

2. తల్లి మొక్కల్లో సగం డ్వేన్ కిట్రిడ్జ్‌కు. ఏవి కావాలో ముందు అతనే ఎంచుకుంటాడు. టెస్ గొణగరాదు.

3. ఊట నుంచి నా పొలం మీదుగా గొట్టం వేసుకునే హక్కు అతనికీ, అతని తర్వాత ఆ భూమి దున్నేవాళ్లకూ శాశ్వతం.

4. ఓలే ఉన్ని టోపీ ఆసుపత్రికి పెట్టుకెళ్లాను కాబట్టి మిగిలింది. అదీ డ్వేన్‌కే. బాగోలేదంటాడు. చలికాలం రానీ, పెట్టుకుంటాడు.

5. ఈ వీలునామా అమలు బాధ్యత టెస్‌ది. వాటాదారుడు కాబట్టి డ్వేన్ సాక్షి సంతకం చెయ్యకూడదన్నారు. "మంచిదే, కళ్లజోడు ఇంట్లోనే కాలిపోయింది" అన్నాడు.

6. ఇంతకుముందు రాసిన వీలునామా రద్దు. అందులో, నా శవపేటిక దగ్గరికి డ్వేన్ కిట్రిడ్జ్‌ను రానివ్వకూడదని రాయించాను. నా అంత్యక్రియల్లో అతన్ని ముందు వరసలో, టెస్ పక్కన కూర్చోబెట్టండి.

2022 సెప్టెంబరు 9

(సంతకం) మార్గిట్ సోరెన్సన్

సాక్షులు: లియోనా బ్రాండ్ట్, శిబిరంలో నర్సు
ఆమోస్ ట్రుహీయో, అగ్నిమాపక దళం