మేనేజరు చెప్పిన కథ

నాన్నా, నేను కులాసా, కార్డు చూసి కంగారు పడకు.

ఇవాళ సినిమా కథనం క్లాసులో మనింటి సంగతే ఉదాహరణగా చెప్పాను. సినిమా హాల్లో ఆపరేటరువైన నువ్వు కునుకు తీసి, ఆరో రీలు కంటే ముందు ఏడోది ఎక్కించావనీ, చచ్చిన హీరో మళ్ళీ లేచొచ్చి పాట పాడాడనీ, జనం కుర్చీలు విరగ్గొడితే నీ ఉద్యోగం ఊడిందనీ. క్లాసంతా పగలబడి నవ్వింది. మేడమ్ నవ్వలేదు.

"కథ చెప్పేవాళ్ళు వేరు, చూసినవాళ్ళు వేరు. ఆయన నిద్రపోవడం చూసిందెవరమ్మా?"

"మేనేజరు చెప్పాడు మేడమ్."

"అతను మిషన్ రూములో ఉన్నాడా?"

"లేడండీ, కింద గేటు దగ్గర టిక్కెట్ల లెక్క చూసుకుంటున్నాడు."

"మరి మీ నాన్నగారేమన్నారు?"

పదకొండేళ్ళుగా అమ్మ నిన్ను కుంభకర్ణుడని దెప్పుతూనే ఉంది, నేనూ వంత పాడాను. నిన్ను అడిగినవాళ్ళం ఒక్కరమూ లేం.

నెలాఖరుకు ఇదే వ్యాసంగా రాసివ్వాలి. మార్కులు పోతే పోనీ, నీ మాట లేకుండా రాయను. డబ్బాల్లో రీళ్ళే తారుమారై వచ్చాయా? నిజంగానే నిద్రపోయావా? ఏదైనా సరే, నువ్వే చెప్పు.

నా పాత కళ్ళద్దాలు బీరువా పై అరలో ఉన్నాయి, పంపించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా?

కార్డు రాసింది కవరు దొరక్క కాదు. నీకంటే ముందు పోస్ట్‌మాన్, ఆ తర్వాత అమ్మ చదువుతారనే రాశాను. అమ్మా, చదివావుగా, కార్డు ఆయన చేతికిచ్చి, ఒక్క పూట మాట్లాడకుండా విను.

ఇద్దరికీ దణ్ణాలతో, ఈసారి నాన్నకే ముందు,
మీ పెద్దపిల్ల