కొల్లేటి గట్టున అక్క కచేరీ

నాన్నగారికి,

ఈ కార్డు మీ బీపీకి చేయబోయే అపకారానికి ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

మోటారుసైకిలు మీద ఒంటరిగా ఊరూరా వింత కచేరీలు చేస్తున్న భార్గవక్కను ఇంటికి తెమ్మన్నారు కదా. కొల్లేటి గట్టున, రొయ్యల చెరువు షెడ్డులో దొరికింది. కచేరీ మొదలవుతుంటే, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటరు మోత ఆపమన్నాను నేను.

"మబ్బు పట్టిందండీ, ఆపితే గాలందక రొయ్యలు చచ్చి తేలిపోతాయండీ," అన్నాడు రైతు.

"ఉంచండి బాబాయిగారూ, అదే నా శ్రుతి," అంటూ అక్క మాండలిన్ తీగలు ఆ మోతకే కలిపింది. వాన మొదలైనా షెడ్డు బయట కూర్చున్నవాళ్ళెవరూ లేవలేదు. "ఇన్నేళ్ళూ ఈ చప్పుడుని తిట్టుకున్నానమ్మా," అంది రైతు భార్య, అక్క చెయ్యి వదలకుండా. నేనూ నోరు మూసుకునే విన్నాను, మీరు నమ్మరు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? అక్కకు మీ ఆశీస్సులు పంపండి, తనను తీసుకురావడం లేదు. నేను చేసిందొక్కటే: అక్క గణపవరం కచేరీకి బయలుదేరుతుంటే, మాండలిన్‌కి నేను వేసుకొచ్చిన మీ రెయిన్‌కోటు చుట్టి తన బండికి కట్టాను.

మీ జయకృష్ణ