మల్లన్న పాదాలకు మెడికల్ సర్టిఫికెట్

సదాశివపేట,
15 మార్చి 1984.

నా కొడుకు చిన్నప్పకు అవ్వ దీవెనలు.

నిన్ను, కోడలు మనోరమను, పిల్లలను మల్లన్న సల్లగ జూడాలె. జహీరాబాదుల మీకు చెయ్యూపి ఎల్లినంక రెండు రోజులకు సదాశివపేట జేరిన. జాబు రాస్తె ముందటి చేవెళ్ళ, కల్వకుర్తి పోస్టాఫీసులకు ఎయ్యి. పానం బాగనే ఉన్నది. ఎడమ కాలుకు ఒక బొబ్బ, కుడి కాలుకు రెండు. చెప్పులేసుకొమ్మని నువ్వన్నవు గని, మల్లన్న కాడికి చెప్పులేసుకోని పోతరా ఎవలన్న?

గుంపుల నలభై మందిమి ఉన్నం. బీదరు దిక్కెల్లి వచ్చినోళ్ళు గూడ కలిసిన్రు. శరణప్ప అని ఒకాయన కట్టెకాళ్ళు కట్టుకోని నడుస్తుండు. మనిషెత్తు కట్టెలు! జూసి నాకు గుండె ఆగినంత పనైంది. "కిందికి ఎప్పుడు దిగుతవయ్యా?" అంటె "శ్రీశైలంల" అన్నడు.

నువ్వు ఆఫీసరు పరీక్ష పాసైతె నీ కాళ్ళ మీద నిన్ను శ్రీశైలం నడిపిస్తనని మొక్కిన. పాసైనవు. ఉగాదికి పోదామనంగ నీ మోకాలు చిప్ప కదిలె. ఏం జేస్తం? నీ మొక్కు నేను నడుస్తున్న. నువ్వు సూపిచ్చిన డాక్టరు కాయిదం నా సంచిల భద్రంగ ఉన్నది. భ్రమరాంబమ్మ మనింటి ఆడబిడ్డ, ఆమెకు చీర తీస్కపోతున్న గద, ఆ చీర మడతల పెట్టిన. చీర ఆమెకు, కాయిదం ఆయనకు. ఉగాది నాడు మల్లన్న పాదాల కాడ పెట్టి సదివిపిస్త. "నా కొడుకు మోకాలు గిట్లున్నది, నువ్వే జూడాలె స్వామీ" అంట.

నాకు సదువు రాదాయె. ఈ ఉత్తరం ఒక మంచాయన రాస్తుండు. పేరడిగితె చెప్పడు. "తొవ్వల అందరం శివశరణులమే, పేరెందుకవ్వా" అంటడు. జహీరాబాదుల ఏదో ఆఫీసుల పనంట. వాళ్ళ ఆఫీసరు ఒట్టి రాక్షసుడంట. "ఫికర్ జెయ్యకు, నా కొడుకు గూడ ఆడనే ఆఫీసరు, చెప్పిస్త" అన్న.

ఇట్లు,
నడుస్తున్న నీ అవ్వ బస్వమ్మ వేలిముద్ర.

తా.క.: అయ్యా, నేను రాసే మనిషిని. అవ్వ చెప్పింది చెప్పినట్టు రాశాను. కవరు మీద చిరునామా మీ ఇంటావిడ పేరున ముందే రాసి ఉన్నది, కాబట్టి మీరెవరో నాకు తెలియదు. తల్లిని ఇంత భక్తితో పంపిన మీరు మా ఆఫీసరు వంటివారు మాత్రం కారని తెలుస్తున్నది.

*

జహీరాబాదు,
17 మార్చి 1984.

పూజ్యురాలైన అవ్వ పాదాలకు శరణు శరణార్థి.

విషయం: కాలినడక మాని బస్సు ఎక్కుట గురించి.
సూచన: నీ 15వ తేదీ ఉత్తరం.

పై విషయమై తెలియజేయునది ఏమనగా, మూడు బొబ్బల సమాచారం అందినది. వెంటనే చెప్పులు ధరించగలవు. నా మోకాలు అట్లానే ఉన్నది. కుర్చీలోంచి లేస్తే ప్రాణం పోతున్నది. అయితే ఆ డాక్టరు కాగితం అంత దూరం మోసుకుపోవడం అవసరమా? స్వామికి అన్నీ తెలుసు. చీర మడతలో నలిగిపోతుంది, పోస్టులో పంపితే బీరువాలో దాస్తాను.

ఇక్కడ నా బాధ వినే దిక్కు లేదు. మార్చి నెల, ఆఫీసులో తల ఎత్తే తీరిక లేదు. సరిగ్గా ఇప్పుడే రేవణసిద్ధప్ప అనే గుమాస్తా ఇరవై ఒక్క రోజులు సెలవు పెట్టి రాయికోడ్‌లో మంచం ఎక్కాడు. అతనికీ మోకాలేనట! అదీ ఎడమదేనట! డాక్టరు కాగితం కూడా జత చేశాడు. నిజమైన నొప్పితో బాధపడే నాకు దొంగ నొప్పి తెలియదా? దొరికిన రోజు సస్పెండు చేస్తాను.

ఇట్లు,
నీ విధేయుడైన కుమారుడు,
ఎం. మహాదేవప్ప, ఆఫీసరు.

తా.క.: రాసిపెట్టే అయ్యగారికి నమస్కారాలు. మీ చేతిరాత ముత్యాలే. మీవంటి నిజాయితీపరుడు మా ఆఫీసులో ఒక్కడు లేడు. ఆ రాక్షసుడి పేరు రాయండి. జహీరాబాదు ఆఫీసర్లందరూ నాకు తెలుసు, వాడికి నేను బుద్ధి చెబుతాను.

*

చేవెళ్ళ,
20 మార్చి 1984.

నా కొడుకు చిన్నప్పకు అవ్వ దీవెనలు.

నీ ఉత్తరం ఇయ్యాల పొద్దుగాల అందింది. సదివేటప్పుడు పెద్ద ముచ్చటైంది. రాసేటాయన అటుకులు తినుకుంట మంచిగనే సదువుతుండె. "రేవణసిద్ధప్ప అనే గుమాస్తా" అన్న కాడ అటుకులు అడ్డం పడ్డయి. చేతిల చెంబు జారి నీళ్ళన్ని నా మీద పడ్డయి. ఏమైందయ్యా అంటె ఎండదెబ్బ అన్నడు. పొద్దుగాల ఏడు గంటలకు ఎండదెబ్బ ఎట్ల కొడ్తదో నాకు సమజ్ గాలె. కింద నీ పేరు సదివినంక నిలవడలేక పక్కన ఉన్న శరణప్ప కట్టెకాలు పట్టుకున్నడు. పైన ఆయన "అయ్యయ్యో మల్లయ్యా" అని ఊగిండు. జరైతె ఇద్దరు పడుదురు.

నువ్వు ఆ గుమస్తను సస్పెండు జెయ్యకు బిడ్డా. నీదీ ఎడమ మోకాలే, ఆయనదీ ఎడమ మోకాలే. నొప్పి తెలిసినోనివి నువ్వే గిట్లంటె ఎట్ల? ఇద్దరి కోసం మొక్కుత. కాయిదం పంప. స్వామికి అన్ని ఎరుకే గని, నా నోటితోని చెప్తె నాకు తృప్తి.

ఇట్లు,
నీ అవ్వ బస్వమ్మ వేలిముద్ర.

తా.క.: అయ్యా, కుడి చేతికి ముల్లు గుచ్చుకున్నందున ఎడమ చేత్తో రాస్తున్నాను. రాత గుర్తుపట్టరాకుండా ఉన్నందుకు క్షమించాలి. మా రాక్షసుడి పేరు అడిగారు. ఆయన ఈ మధ్యనే బదిలీ అయి వెళ్ళిపోయారు. వెళ్ళాక ఆరా తీస్తే చాలా ఉత్తములని తెలిసింది.

*

జహీరాబాదు,
22 మార్చి 1984.

అవ్వా!

విషయం, సూచన రాసే ఓపిక నాకు లేదు.

నిన్న ప్యూను బసవరాజును రాయికోడ్ పంపాను, ఆ రేవణసిద్ధప్ప మంచం మీద ఉన్నాడో లేడో చూసి రమ్మని. మంచం ఉన్నది, మనిషి లేడు! అతని భార్య ఏమాత్రం జంకకుండా "శ్రీశైలం నడిచి పోయిండు" అన్నదట. నడిచి! మోకాలు కదిలినవాడు! నాకు అనుమానం వచ్చి నీ మొదటి ఉత్తరం, అతని సెలవు దరఖాస్తు పక్కపక్కన పెట్టి చూశాను. అదే చేయి, అదే ముత్యాలు. అంటే ఆ రాక్షసుణ్ణి నేనే!

అవ్వా, నీ పక్కన నడుస్తున్నవాడు పచ్చి మోసగాడు. అతన్ని దగ్గరికి రానివ్వకు, సంచి ముట్టనివ్వకు. డాక్టరు చేత దొంగ కాగితం రాయించుకున్నవాడు ఏమైనా చేస్తాడు. కాలు బాగుండి కుంటినని చెప్పడానికి మనిషికి నోరెట్లా వస్తుంది? ఇటువంటివాణ్ణి కన్నతల్లి ఊళ్ళో తల ఎట్లా ఎత్తుకుంటుంది? నువ్వే చెప్పు. సస్పెండు కాగితం తయారు చేయిస్తున్నాను, సంతకమే మిగిలింది.

ఇట్లు,
నీ కుమారుడు మహాదేవప్ప.

తా.క.: అతి ముఖ్యం. ఈ ఉత్తరం ఎట్టి పరిస్థితిలోనూ అతనిచేత చదివించవద్దు.

*

కల్వకుర్తి,
25 మార్చి 1984.

నా కొడుకు చిన్నప్పకు అవ్వ దీవెనలు.

నీ ఉత్తరం సాంతం ఆయననే సదివిండు. ఒక్క మాట ఇడువలె. అన్ని తిట్లు ఆయన నోటితోనే ఆయనకు ఇనిపిచ్చుకున్నడు. ఆఖరున "అతనిచేత చదివించవద్దు" అని వచ్చినంక ఇద్దరం ఒకల మొఖం ఒకలం జూసుకున్నం. తర్వాత నా కాళ్ళ మీద పడ్డడు. "బొబ్బలున్నయి, జర మెల్లగ" అన్న.

ముచ్చటంత అడిగిన. వాళ్ళ పాప భాగీరథికి నాలుగేండ్లు. సంక్రాంతి పోయినంక పదకొండు దినాలు జ్వరం ఇడువలేదంట, దవాఖానోళ్ళు గూడ చేతులెత్తేసిన్రంట. పిల్ల కండ్లు తెరిస్తె ఉగాదికి నడిచొస్తనని మొక్కిండు. పిల్ల కండ్లు తెరిచింది. నిన్ను సెలవడిగిండు. "మార్చి నెలల దేవుడొచ్చి అడిగినా ఇయ్య" అన్నవంట. నా కొడుకు గట్లనడు అన్న. ఆయన నేల దిక్కు జూసిండు. అన్నవా?

ఈయన నౌకరి పోతె ఆ పిల్ల ఏం తింటది? ఆ కాయిదం మీద సంతకం బెట్టకు.

ఇట్లు,
నీ అవ్వ బస్వమ్మ వేలిముద్ర.

తా.క.: అయ్యా, ముల్లు లేదు, కుడి చేత్తోనే రాస్తున్నాను. ఇది అవ్వకు తెలియకుండా రాస్తున్న మాట. ఉగాది నాడు తడబడకుండా చదవాలని అవ్వ నిన్న మీ డాక్టరు కాగితం నా చేతికిచ్చి ఒకసారి చదివి చూసుకొమ్మన్నది. విప్పాను. నా కాళ్ళ కింద భూమి కదిలింది. ఫిబ్రవరిలో మీరు గది తలుపు మూసి, "ఒక బంధువు కోసం" అని చెప్పి, పేరు చోట ఖాళీ వదిలి నా చేత టైపు చేయించిన కాగితం అది. పైది మీరు తీసుకుపోయారు. కింది కార్బన్ కాపీ నా దగ్గర మిగిలింది. ఖాళీలో నా పేరు నింపుకున్నాను. నా సెలవు ఫైలులో ఉన్నది ఆ కాపీయే, వెలుతురుకు పెట్టి చూడండి. డాక్టరు రెండూ చదవకుండానే సంతకం చేశాడు. మీరూ చదవకుండానే ఫైలులో పెట్టారు. మీ మోకాలి కోసం చెప్పుల్లేకుండా నడుస్తున్న ఈ ముసలమ్మకు నేనేమని చెప్పను?

*

జహీరాబాదు,
27 మార్చి 1984.
(బసవరాజు ద్వారా, బస్సులో)

పూజ్యురాలైన అవ్వ పాదాలకు శరణు శరణార్థి.

ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నీవు క్షేమమని తలుస్తాను.

ఇట్లు, నీ కుమారుడు మహాదేవప్ప.

తా.క.: రేవణసిద్ధప్ప గారికి. ఇక్కడినుంచి మనసులో చదువుకోగలరు. మీ సెలవు మంజూరైంది. సస్పెండు కాగితం నా చేతులతో చింపేశాను. పాపకు ఇప్పుడు ఎట్లా ఉన్నది? ఒక్క సాయం చేయండి. అవ్వ స్నానానికి పోయినప్పుడు చీర మడతలోంచి ఆ కాగితం తీసి కృష్ణలో కలిపేయండి. అవ్వ మల్లన్న ముందు నిలబడి ఆ అబద్ధాన్ని నిజమనుకుని చదివిస్తుంటే... నాకు అన్నం దిగడం లేదు. ఈ పొద్దున మెట్లు దిగుతుంటే ఎడమ మోకాలు కలుక్కుమన్నది. మీ మీద ఒట్టు, ఇది నిజం.

*

మన్ననూరు,
28 మార్చి 1984.
(తిరిగి బసవరాజు ద్వారానే, బస్సులో)

చిన్నప్పా,

బసవరాజు తెచ్చిన ఉత్తరం రేవణసిద్ధప్ప మొత్తం సదివిండు, కింది ముచ్చట గూడ. "ఇంకొక్క అబద్ధం మొయ్యలేనవ్వా, ముందర అడివున్నది" అన్నడు. ఆయనను ఏమనకు.

నాకు ముందే ఎరుక. మనోరమ కాయిదం సదివితె ఎడమ మోకాలు అని విన్న. నువ్వు ఆ దినమంత కుంటింది కుడి కాలు. తెల్లారి బస్సు పోతుందని గల్లీ మలుపు దాక ఉరికినవు, రెండు కాళ్ళతోని. నీకు నడక నేర్పినదాన్ని, నీ అడుగు ఎట్ల పడ్తదో నాకు ఎరుకలేదా?

"నాతోని కాదవ్వా" అని ఒక్క మాటంటె అయిపోతుండె. నాలుగు తిట్లు తిట్టి, నీ మొక్కు అప్పుడు గూడ నేనే నడుస్తుంటి. కన్నతల్లికి చెప్పెతందుకు డాక్టరు సంతకం గావాల్నా బిడ్డా? బొబ్బలు మానినయి. గీ బాధ మానుతలేదు. ఊళ్ళె తల ఎట్ల ఎత్తుకుంటదని అడిగితివి గద. ఇగో, గిట్లనే, ఎవలకు చెప్పకుంట నడుచుకుంట పోతది.

కాయిదం నీళ్ళల్ల ఎయ్య. మల్లన్న కాడ నేను మొక్కేది ఒక్కటే. "స్వామీ, నా కొడుకు ఆఫీసరు. ఆయన కాయిదం అబద్ధమైతె ఇజ్జత్ పోతది. దాన్ని నిజం జెయ్యి" అంట. ఆయన నా మాట ఇంటడు, నీ పరీక్ష అప్పుడు గూడ ఇన్నడు.

ఉగాది సోమవారం. గుంపు ముందుకు పోయింది. మేమిద్దరం శుక్రవారం పొద్దుగాల దాక ఈడ అడివి చెక్‌పోస్టు కాడ కూసుంటం. నువ్వొచ్చి నాతోని ఈ అడివి నడిస్తె కాయిదం నీ చేతికిస్త, నువ్వే చింపు. రాకుంటె మల్లన్నకిస్త.

ఇట్లు,
నిన్ను కన్న బస్వమ్మ వేలిముద్ర.

తా.క.: అయ్యా, పాప బాగున్నది, అడిగినందుకు సంతోషం. మీ పేరు మీద ఒక సెలవు దరఖాస్తు రాసి జత చేశాను. కారణం చోట "అవ్వతో నడవడానికి" అని రాశాను. నిజం కాబట్టి డాక్టరు కాగితం అక్కరలేదు. మార్చి ఆఖరు కదా అని అవ్వకు గుర్తు చేశాను. మంజూరు చేసేవారు సంతకం పెట్టే చోట వేలిముద్ర వేసి నా చేతికిచ్చింది. కార్బన్ కాపీ నా దగ్గర ఉన్నది.

మళ్ళీ తా.క.: చెప్పులు తేవద్దన్నది. ఇంట్లోంచి కుడికాలు ముందు పెట్టి బయలుదేరమన్నది. దానికేం కాలేదట, ఎడమదానికి మాత్రం సోమవారం దాకా గడువట.